ముఖం తెలియని మనిషికి విగ్రహం

చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర 1839 నుంచీ సర్ థామస్ మన్రో కంచు విగ్రహం ఉంది. చేసింది లండన్ శిల్పి ఫ్రాన్సిస్ చాంట్రీ. జీనూ రికాబులూ లేని గుర్రమ్మీద కూర్చుని ఉంటాడు దొర. 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాలకు ఆయనే కలెక్టరు. సీమ జనం అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పాలెగాళ్ల అధికారం తీసేసి భరణాలతో సరిపెట్టిందీ ఆయన హయాంలోనే. ఆ భరణం వాటాలు పడుతూ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాకా వచ్చేసరికి నెలకు 11 రూపాయల చిల్లర అయింది. 1846లో ఆయన తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. తలను కోటకు వేలాడదీసి, 1877 దాకా దించలేదు.

30 ఏళ్లు దారినపోయేవాళ్లంతా చూసిన తల. ఇవాళ విగ్రహం చేద్దామంటే ముఖమే తెలీదు.

ఆళ్లగడ్డ శిల్పులకు నాయకుల విగ్రహమైతే ఫొటో తెచ్చిస్తారు. దేవుడి విగ్రహానికి శాస్త్రం కొలతలు చెబుతుంది. నరసింహారెడ్డికి ఈ రెండూ లేవు. ఉన్నది జనం పాడుకునే పాట. 2019లో 'సైరా' సినిమా వచ్చాక చాలామందికి కళ్లముందు మెదిలేది చిరంజీవి ముఖమే.

కంచు పనిలో ముఖం తేలేది మట్టి దగ్గరే. ఇనుప చట్రమ్మీద బంకమన్ను మెత్తి రూపు తెస్తారు. కనుపాపను గుంటగా తవ్వితే అందులో నీడ నిలుస్తుంది, చూపు వస్తుంది. గుంట కాస్త పైకి జరిగితే చూపు ఆకాశానికి పోతుంది, కిందికి దిగితే ఎదుటి మనిషి మీద నిలుస్తుంది. ఆ తర్వాత అచ్చు, మైనం పొర, మన్నుపూత; కాలిస్తే మైనం కారిపోయి ఆ ఖాళీలోకి కరిగిన లోహం దిగుతుంది. నల్లరాయిలో ముక్కు కొన ఎగిరిపోతే అతకదు. మట్టినైతే బొటనవేలితో నొక్కి మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అందుకే నా మనవంతా ఈ మట్టి గురించే. కత్తి ఎత్తి గుర్రాన్ని ఎగరేసే భంగిమ పక్కన పెట్టండి. ఉయ్యాలవాడ, రూపనగుడి, కోవెలకుంట్ల మనుషుల ముఖాలు శిల్పి తీరిగ్గా చూడాలి. ఆళ్లగడ్డ వాళ్లకు దూరమేం కాదు, ఆ ఊళ్లవాళ్లను పిలిచి మట్టిబొమ్మ చూపించాలి. "మా జేజినాయన దవడ ఇట్ల ఉండేది కాదు" అని ఎవరైనా అంటే దవడ మార్చాలి. విగ్రహ కమిటీలు ఆవిష్కరణ తేదీ ముందే ప్రకటించి శిల్పిని తొందరపెట్టొద్దు. మట్టికి ఇంకో నెల ఇవ్వండి.