బోర్లించి చూస్తే తెలిసేదెంత?

పాత పింగాణీ పళ్లెం చేతికిస్తే, తెలిసినవాళ్లు ముందు బొమ్మ చూడరు. బోర్లిస్తారు. అడుగున ముద్ర ఉందా, గాజుపూత ఎక్కడ ఆగింది, పూత లేనిచోట మట్టి ఏ రంగులో ఉంది, ఆ అరుగుదల వాడకం వల్ల వచ్చిందా లేక ఎవరైనా కావాలని రుద్దారా అని చూస్తారు. ఈ ఓపిక నాకు ఇష్టం. మనం పుస్తకాల్నీ ఇంత శ్రద్ధగా బోర్లించి చదివితే సమీక్షలు ఎంత బాగుపడేవో! కాకపోతే ఈ పరీక్షంతా చివరికి "అసలా, నకిలీయా" అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ కోసం చైనాలో తయారైన ఎగుమతి పింగాణీకి ఆ ప్రశ్న చాలదు.

ముందు ముద్ర సంగతి. మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పాలించింది 1465 నుంచి 1487 దాకా. కానీ ఆయన పేరు రెండు వందల ఏళ్ల తర్వాత, కాంగ్షీ కాలంలో (1662–1722) చేసిన గిన్నెల అడుగునా కనిపిస్తుంది. అంతా మోసమే అనలేం, పాతపని మీద గౌరవంతోనూ అలా రాసేవాళ్లు. వేమన మకుటం ఉన్న పద్యాలన్నీ వేమనవి కావు కదా, ఇదీ అంతే. పైగా ఎగుమతి సరుకులో చాలావాటికి అసలు ముద్రే ఉండదు.

ఇక బొమ్మ. జింగ్‌దెజెన్‌లో కాల్చిన తెల్ల పాత్రలు చాలావరకు కాంటన్ చేరేవి. అక్కడి చిత్రకారులు యూరప్ నుంచి వచ్చిన వంశచిహ్నాలు, అచ్చుచిత్రాలు చూసి వాటిమీద బొమ్మలు వేసేవారు. రాగిరేకు మీద చెక్కిన సన్నగీతల్ని కూడా కుంచెతో గీతకి గీత దించేసిన పళ్లేలున్నాయి. బొమ్మ నకలే, పళ్లెం మాత్రం అసలుది. 1845లో పారిస్‌లో మొదలైన సాంసన్ సంస్థ ఇలాంటి చైనా పళ్లేలకి మళ్లీ నకళ్లు చేసింది. వాటిమీద తన గుర్తు వేసి, నకళ్లుగానే అమ్మింది. తర్వాత చేతులు మారినప్పుడు కొన్నిటి మీద ఆ గుర్తుని ఎవరో గీకేశారు. మోసం మొదలైంది ఆ గీకుడుతోనే.

మరి ఏ అనుమానమూ లేని సరుకు మాటేమిటి? 1752 జనవరిలో కాంటన్ నుంచి తిరిగొస్తూ డచ్ ఈస్టిండియా కంపెనీ ఓడ గెల్డర్‌మాల్సెన్ దక్షిణ చైనా సముద్రంలో మునిగిపోయింది. అందులో ప్రధాన సరుకు తేయాకు. పింగాణీని దాని అడుగున సర్దారు. 1985లో మైకేల్ హాచర్ బృందం ఆ ఓడని కనుక్కుని లక్షన్నర దాకా పాత్రలు పైకి తీసింది. 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ సంస్థ వాటిని "నాన్‌కింగ్ కార్గో" పేరుతో వేలం వేసింది.

పుట్టుకకి ఇంతకన్నా గట్టి రుజువు ఎక్కడ దొరుకుతుంది? అయినా పురావస్తు శాస్త్రవేత్తలు ఆ పనిని గట్టిగా తప్పుపట్టారు. ఓడలో ఏది దేని పక్కన ఉంది, ఎలా సర్దారు, ఓడ ఎలా కట్టారు అన్నవి పద్ధతిగా నమోదు చేసుకోకుండానే అమ్ముడుపోయేవాటిని లాగేశారన్నది వాళ్ల ఫిర్యాదు. గిన్నెలు దక్కాయి, ఓడ కథ చెదిరిపోయింది. కథ చెదరగొట్టిన ఆ అమ్మకమే గిన్నెలకి "అసలు" అన్న పత్రం కూడా ఇచ్చింది. నాకు మింగుడుపడనిది ఇదే.

అందుకే ఏది చూసి చేశారు, ఎవరి కోసం చేశారు, మన చేతికి ఎలా వచ్చింది అని కూడా అడగాలి. గుర్తు చెరగని సాంసన్ నకలు ఈ మూడిటికీ జవాబు చెబుతుంది. నాన్‌కింగ్ కార్గో గిన్నె మూడోదాని దగ్గర నీళ్లు నములుతుంది. దాన్ని బోర్లించి చూడండి: కొన్నిటి అడుగున ఇప్పటికీ వేలం స్టిక్కరు ఉంటుంది.