మసిని పట్టే పింగాణీ

ఫిల్మ్‌నగర్ రామానాయుడు స్టూడియో నుంచి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు దూరం తక్కువే. కానీ సాయంత్రం వేళ ఈ ఎత్తుపల్లాల దారిలో ఆగని బండి ఉండదు. ఆగిన బండిని కదిలించడానికి యాక్సిలరేటర్ తొక్కగానే సిలిండర్‌లోకి డీజిల్ ఒక్కసారిగా చిమ్ముతుంది. దానికి సరిపడా గాలిని టర్బో అందించేలోపే కొంత ఇంధనం అరకొరగా కాలి మసిగా మిగులుతుంది. నిలకడగా సాగే బండి కంటే ఆగి ఆగి సాగే బండి కిలోమీటరుకు ఎక్కువ మసి కక్కేది ఇందుకే.

ఆ మసిని పొగగొట్టం దాటనివ్వని పరికరం డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్, మెకానిక్కుల మాటలో డీపీఎఫ్. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ఉద్గార ప్రమాణాలు అమల్లోకి వచ్చినప్పుడు, డీజిల్ కారు విడవదగిన సూక్ష్మకణాల పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు దిగింది. ఇంధనంలో గంధకం కూడా 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది.

ఈ ఫిల్టర్ పనితనం చూసి తీరాలి. ఉక్కు డబ్బాలో పింగాణీ దిమ్మె, దాని నిండా తేనెపట్టులా సన్నని గొట్టాలు. ఒక గొట్టానికి వెనక మూత ఉంటే, పక్కదానికి ముందు మూత. లోపలికి వచ్చిన పొగకు ఎదురుగా దారి మూసి ఉంటుంది కనుక, గోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా పక్క గొట్టంలోకి పోవాల్సిందే. గాలి దాటుతుంది, మసి నిలిచిపోతుంది. తల వెంట్రుక కంటే వందల రెట్లు సన్నని కణాలు కూడా అక్కడే చిక్కుతాయి. గోడ మీద పేరుకున్న మసి పొర తర్వాత వచ్చే మసిని ఇంకా బాగా వడపోస్తుంది. శత్రువునే కాపలాకు పెట్టిన ఈ యుక్తి నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది.

మసి నిండితే? ఫిల్టర్‌కు ముందూ వెనకా ఉన్న పీడనాల తేడాను సెన్సర్ కొలుస్తుంది. హద్దు దాటగానే ఇంజిన్ కంప్యూటర్ కాస్త ఆలస్యంగా అదనపు డీజిల్ చిమ్మిస్తుంది. అది ముందున్న క్యాటలిస్టులో కాలి, పొగ వేడిని సుమారు 600 డిగ్రీలకు చేరుస్తుంది. మసి తనంతట తాను కాలిపోతుంది.

ఇంత తెలివైన పరికరానికీ ట్రాఫిక్ జామ్‌లోనే చిక్కు. నిలబడ్డ బండి పొగ చల్లగా ఉంటుంది. వేడి ఎక్కేలోపే ఇల్లు చేరి ఇంజిన్ ఆపేస్తాం. శుద్ధి సగంలో ఆగుతుంది, మసి పేరుకుంటుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది. అప్పుడు కొందరు ఫిల్టర్‌నే పీకించేస్తారు. పట్టుబడాల్సిన మసి అంతా పక్కన బైకు మీద ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది.

కాబట్టి మీది డీజిల్ కారైతే, దీపం వెలిగిన రోజు గచ్చిబౌలి మీదుగా ఔటర్ రింగ్ రోడ్డెక్కి, బండి పుస్తకంలో చెప్పినట్టు కాసేపు నిలకడైన వేగంతో నడపండి. డీపీఎఫ్‌ను మాత్రం పీకించకండి.