సుబ్బారావుకు అందని నోబెల్: ఒక ఫిర్యాదు పునఃపరిశీలన

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948)కు నోబెల్ బహుమతి దక్కకపోవడం అన్యాయమన్న వాదం తెలుగు వ్యాసాలలో తరచుగా వినిపిస్తుంది. ఏ పరిశోధనకు, ఏ సంవత్సరంలో, ఏ నిబంధన మేరకు ఆ బహుమతి రావలసి ఉండెనో మాత్రం ఆ వాదం సాధారణంగా పేర్కొనదు. ఈ ప్రశ్నలను విడివిడిగా పరిశీలించినప్పుడే అన్యాయపు స్వరూపం స్పష్టమవుతుంది.

మొదటిది కండర శక్తికి సంబంధించిన కృషి. ఈ రంగంలోనే ఎ. వి. హిల్, ఒట్టో మేయర్‌హోఫ్‌లకు 1922 సంవత్సరపు వైద్య బహుమతి లభించింది. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న భావన అప్పట్లో ప్రబలంగా ఉండేది. 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, సుబ్బారావు కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు. ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు దాదాపు అదే కాలంలో ఆ పదార్థాన్ని కనుగొన్నారు. 1929లో ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమాన్, హార్వర్డ్‌లో ఫిస్క్–సుబ్బారావులు వేర్వేరుగా వెలికితీశారు. లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండానే కండరం సంకోచించగలదని 1930లో ఐనార్ లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో పాత భావన కూలిపోయింది. బహుమతి పొందిన రంగపు పునాదినే మార్చిన ఈ ఫలితం నాలుగైదు ప్రయోగశాలల ఉమ్మడి ఆర్జన. ముగ్గురికి మించి ఎన్నడూ పంచని విజ్ఞాన బహుమతిలో ఇటువంటి కృషికి చోటు దొరకడం కష్టం.

రెండవది క్యాన్సర్ ఔషధం. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దాని ప్రతిరోధకమైన అమినోప్టెరిన్‌ను రూపొందించింది. దానితో బాలల ల్యుకేమియాకు తాత్కాలిక ఉపశమనం కలిగినట్లు సిడ్నీ ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఏటి ప్రతిపాదనల గడువు జనవరి 31తోనే ముగిసింది. ఆగస్టులో సుబ్బారావు మరణించారు. గడువులోగా ప్రతిపాదించబడిన వ్యక్తి మరణిస్తేనే అప్పటి నిబంధన బహుమతికి వీలు కల్పించేది. కనుక ఈ కృషికి ఆయనను పరిగణించే అవకాశమే రాలేదు. ఇదే కోవకు చెందిన ప్రతిజీవక్రియా ఔషధాల కృషికి గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ 1988లో, జేమ్స్ బ్లాక్‌తో కలిసి, బహుమతి పొందారు. అప్పటికి సుబ్బారావు గతించి 40 ఏళ్లు.

ఈ రెండు సందర్భాలలోనూ లోపం ఎంపిక సంఘపు పక్షపాతం కన్నా బహుమతి నిర్మాణంలోనే అధికంగా కనిపిస్తుంది. పక్షపాతం ఉండెనా లేదా అన్నది ఊహతో తేలదు. నోబెల్ ప్రతిపాదనల పత్రాలను 50 ఏళ్ల తరువాత పరిశోధకులకు అందుబాటులోకి తెస్తారు. సుబ్బారావు జీవితకాలపు పత్రాలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. వాటిని చదవకుండా చేసే నిందారోపణ ఆయన కీర్తిని పెంచదు. భాస్వరాన్ని కొలిచేందుకు 1925లో వెలువడిన ఫిస్క్–సుబ్బారావు పద్ధతి ఆయన పేరును ప్రయోగశాలలలో నిలిపింది. తెలుగులో రాబోయే సుబ్బారావు అధ్యయనాలు ఆ పద్ధతి నుంచి, ఆ పత్రాల నుంచి మొదలు కావలసి ఉంది.