అంగుళమంత ఊరి జనం

1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, బల్ల మీద చిన్న బొమ్మలు పెట్టుకుని ఆడే ఆటల్లో పేరంతా వీరులది, రాక్షసులది. నా కళ్లు మాత్రం రొట్టెలమ్మే ముసలమ్మ బొమ్మ మీదే ఉంటాయి. త్రీడీ ప్రింటర్‌లో 28 మిల్లీమీటర్ల కొలతకు తీసిన ఆ బొమ్మకు రంగులేసేవాళ్లది ఎంత ఓపికో! రెసిన్ బొమ్మను ఆల్కహాల్‌లో కడిగి, అతినీలలోహిత కాంతిలో గట్టిపరచి, ప్రైమర్ కొడతారు. ఆపైన బాగా పల్చన చేసిన గోధుమరంగు పూస్తే, అది గౌను మడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. తర్వాత కుంచెను గుడ్డకు తుడిచి, దాదాపు పొడిగా, ఎత్తుల మీద మాత్రమే తాకిస్తారు. బుట్ట అల్లికలో ఒక్కో పుల్లా లేచొస్తుంది. ఊరి జనానికి మెరుపు రంగులు నప్పవు. వెలిసిన నీలం, మట్టిరంగు చాలు. వాళ్లను సంతలో నిలబెట్టాక డ్రాగన్ వస్తే, ఆటగాళ్లు కత్తి కంటే ముందు ముసలమ్మను దాచే చోటు వెతుకుతారు.