నల్ల మెట్ల మీద మోహన

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అమ్మకానికి వచ్చే సామాన్లు చూస్తే ఇక్కడి జనం జీవితం సగం అర్థమైపోతుంది. ట్రెడ్‌మిల్, స్టడీ టేబుల్, పిల్లల సైకిల్, వాటి వెనకే అరవై ఒక్క మెట్ల ఎలక్ట్రానిక్ కీబోర్డు. పెద్దగా వాడలేదని రాస్తారు. చాలాసార్లు అది నిజమే. 2020 లాక్‌డౌన్‌లో ఆర్డరు పెట్టి, కొన్నాళ్లు ఆన్‌లైన్ క్లాసులు విని, ఆఫీసులు తెరవగానే మంచం కిందికి తోసినవి కొన్ని. ఆన్‌సైట్‌కి వెళ్తూ వదిలించుకునేవి కొన్ని. పాప భరతనాట్యానికి మారిపోయాక మిగిలినవి ఇంకొన్ని. కొత్తదాని ధరలో సగానికి, బేరమాడితే అంతకన్నా తక్కువకే దొరుకుతాయి.

నేను కొన్నదీ ఆ బాపతే. హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద చేతులు మారింది. అమ్మిన కుర్రాడు కెనడా ప్రయాణంలో ఉన్నాడు. "అన్నా, ఒక్క కీ జర మొండిగ ఉంటది, మిగిలిందంతా ఓకే" అని దాచకుండా చెప్పాడు. బ్రాండు పేరు మనకెందుకు, అన్ని కంపెనీల చౌక కీబోర్డులకూ ఉండే జబ్బే అది.

ఆ జబ్బు తెలుసుకుంటే కొనడం తేలిక. ప్రతి మెట్టు కిందా ఒక రబ్బరు బొడిపె, దాని అడుగున కార్బన్ పూసిన రెండు చుక్కలు ఉంటాయి. మెట్టు నొక్కగానే ఒక చుక్క ముందు, రెండోది రవ్వంత ఆలస్యంగా కింది సర్క్యూట్ బోర్డుకి తగులుతాయి. ఆ ఆలస్యాన్ని చిప్ కొలుస్తుంది. తక్కువైతే గట్టిగా కొట్టారనీ, ఎక్కువైతే మెల్లగా నొక్కారనీ లెక్కగట్టి, 1 నుంచి 127 దాకా ఒక అంకె వేసి, దాన్నిబట్టి ధ్వని పుట్టిస్తుంది. 1983లో వచ్చిన మిడి ప్రమాణం గీసిన హద్దు అది. ఏడు బిట్ల వ్యవహారమని ఈ ఐటీ కారిడార్‌లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. దుమ్ము చేరి ఒక చుక్క సరిగ్గా తగలకపోతే మెట్టు మూగబోతుంది, లేదంటే ఎంత మెల్లగా తాకినా అరుస్తుంది. కోఠి వైపు రిపేరు చేసే ఒక పెద్దాయన నాదాన్ని విప్పి చూసి, "రబ్బరు బాగానే ఉంది సార్, దుమ్మే" అని స్పిరిట్ అద్దిన దూదిపుల్లతో తుడిచి ఇచ్చాడు. రబ్బరే చిరిగి ఉంటే ఆ పట్టీ మొత్తం మార్చాలి. పాత మోడళ్లకి అది దొరకడం కష్టం.

కాబట్టి పాత కీబోర్డు కొనేటప్పుడు ముందు ఆర్గాన్ టోన్ పెట్టి అరవై ఒక్క మెట్లూ వరసగా నొక్కండి, మూగవి తెలిసిపోతాయి. తర్వాత పియానో టోన్ పెట్టి ఒకే మెల్లదనంతో మళ్లీ నొక్కండి, అరిచేవి బయటపడతాయి. బ్యాటరీ గూడు మూత తీసి ఆకుపచ్చ చిలుము ఉందేమో చూడండి. అడాప్టర్ మాత్రం ఒరిజినల్‌దే అడగండి. తొమ్మిది వోల్టులవీ ఉన్నాయి, పన్నెండువీ ఉన్నాయి, పిన్ను లోపల ప్లస్ ఉన్నవీ మైనస్ ఉన్నవీ ఉన్నాయి. మూతి పట్టింది కదా అని గుచ్చితే కొన్న వస్తువు అక్కడికక్కడే కాలిపోవచ్చు.

ఇంటికి తెచ్చి మీటితే మొదట తెలిసేది దాని తేలికదనం. పియానో మెట్టు వెనక సుత్తి బరువుంటుంది, దీని వెనక ప్లాస్టిక్కూ చిన్న స్ప్రింగూ మాత్రమే. పియానో నేర్చినవాళ్లకి ఇది లోటుగా అనిపిస్తుంది కానీ, హార్మోనియం చూస్తూ పెరిగిన చేతికి ఈ తేలికే అలవాటైన సంగతి. మామూలు హార్మోనియం మూడు, మూడున్నర స్థాయిలతో సరిపెట్టుకుంటుంది, ఇందులో ఐదు స్థాయిలు. పైగా హెడ్‌ఫోన్ సాకెట్ ఉంది. రాత్రి పదకొండింటికి అమెరికా కాల్ ముగిశాక వీణ తీస్తే పక్క ఫ్లాటువాళ్లు వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తారు. పీజీ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకునే కుర్రాడికైతే వేరే వాద్యం మాటే లేదు.

ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ డెమో బటన్ నొక్కుతారు. నొక్కనివ్వండి. ఆ తర్వాత రిథమ్ బటన్లు కట్టేసి శ్రుతి దగ్గర మొదలుపెట్టాలి. పాశ్చాత్యులు సి అనే తెల్ల మెట్టు మనకి ఒకటి శ్రుతి, దాని పక్క నల్లది ఒకటిన్నర, తర్వాతి తెల్లది రెండు. ఎఫ్ నాలుగు, దాని పక్క నల్లది నాలుగున్నర, జి ఐదు. మగవాళ్లు ఒకటి, ఒకటిన్నర చుట్టుపక్కల, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర ప్రాంతంలో పాడుకోవడం సాధారణం. ట్రాన్స్‌పోజ్ బటన్‌తో ఏ శ్రుతి కావాలన్నా వేళ్లు మాత్రం ఒకటి మీదే పెట్టి వాయించొచ్చు. హాయిగా ఉంటుంది, బద్ధకం కూడా నేర్పుతుంది. పాత హార్మోనిస్టులు నటుడి గొంతునిబట్టి షడ్జమాన్ని ఏ మెట్టు మీదకైనా మార్చుకుని అక్కణ్నుంచే రాగం నడిపేవాళ్లు. నేనైతే ట్రాన్స్‌పోజ్‌ని చివరి అవసరంగానే ఉంచుకుంటాను.

కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లు మాయామాళవగౌళతో మొదలుపెట్టడం పురందరదాసు పెట్టిన దారి అంటారు. కీబోర్డు మీద అది ఒకటి శ్రుతిలో ఆశ్చర్యంగా చేతికి ఒదుగుతుంది. బొటనవేలు స మీద, చూపుడువేలు రి నల్ల మెట్టు మీద, మధ్యవేలు గ మీద. అక్కడ బొటనవేలిని మిగతా వేళ్ల కిందనుంచి జరిపి మ మీద పెడితే, ప, ద, ని, పై స వరకు మిగిలిన నాలుగు వేళ్లూ వరసగా సరిపోతాయి. నల్లవి రెండూ పొడుగు వేళ్లకే వచ్చాయి, పొట్టి బొటనవేలికి రెండుసార్లూ తెల్ల మెట్టే. సరళీ స్వరాలు మూడు కాలాల్లో ఇలా వాయిస్తే చెయ్యి కుదురుతుంది. యూట్యూబు చూసి ఒక్క చూపుడువేలితో సినిమా పాటలు పొడిచేవాళ్లు సంవత్సరం తర్వాత కూడా అక్కడే ఉండటానికి కారణం ఈ బొటనవేలి దాటింపు తెలియకపోవడమే.

అసలు సంబరం నల్ల మెట్ల దగ్గర మొదలైంది. స్థాయికి ఐదు నల్లవి ఉంటాయి. నాలుగున్నర మెట్టుని షడ్జమం చేసుకుని తెల్లదాన్ని ముట్టకుండా పైకి వెళ్తే వచ్చేది మోహన. మాయాబజార్‌లోని 'లాహిరి లాహిరి లాహిరిలో' మోహన రాగపు పాట, దాన్ని వెతుక్కోవడానికి ఇంతకన్నా సులువైన చోటు లేదు. ఇప్పుడు అవే ఐదు మెట్లు, షడ్జమం మాత్రం పక్క నల్లదానికి, అంటే ఐదున్నరకి జరపండి. మధ్యమావతి వస్తుంది. ఇంకొకటి జరిపి ఆరున్నర నుంచి మొదలుపెడితే హిందోళం. ఒకటిన్నర నుంచి శుద్ధసావేరి. రెండున్నర నుంచి శుద్ధ ధన్యాసి. వేళ్లు తిరిగే చోటు మారలేదు, కింద మోగుతున్న షడ్జమం ఒక్కటే మారింది.

గ్రహభేదం అని కచేరీల్లో విద్వాంసులు చేసి చూపిస్తే చప్పట్లు కొట్టే విద్య ఇది. గొంతుతో చేయడానికి ఏళ్ల సాధన కావాలి. చౌక ప్లాస్టిక్ మెట్ల మీద పిల్లలకి సైతం కంటికి కనపడేలా చూపించొచ్చు. ఫోన్‌లో తంబూర యాప్ పెట్టి శ్రుతిని నాలుగున్నర నుంచి ఆరున్నరకి మార్చి, అదే వరస వాయించి వినండి. నవ్వుతున్న మోహన గంభీరమైపోతుంది. పన్నెండు మెట్ల మీద పదహారు స్వరాల పేర్లు సర్ది, వేంకటమఖి పదిహేడో శతాబ్దంలో డెబ్బై రెండు మేళాలు కట్టిన లెక్క కూడా ఈ పలక ముందు కూర్చుంటే పుస్తకంలో కన్నా త్వరగా తలకెక్కుతుంది. సాధారణ గాంధారం, షట్‌శ్రుతి రిషభం ఒకే నల్ల మెట్టు ఎలా అయ్యాయో వేలు పెట్టి చూపించొచ్చు కదా.

ఎడమ చేత్తో కలిపి నొక్కే స్వరాల గుంపుల దగ్గర, అంటే కార్డుల దగ్గర మాత్రం ఈ యంత్రం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. హిందోళం ఒకటి శ్రుతిలో వాయిస్తూ అలవాటుగా సి మైనర్ కార్డు నొక్కితే, అందులో పంచమం దూరుతుంది. హిందోళంలో పంచమం వర్జ్యం. ఒక్క స్వరం చాలు, రాగం మొహం మారిపోతుంది. ఎఫ్ మైనర్ వేసుకోండి, అందులో మ, ద, స. ఎ ఫ్లాట్ మేజర్ వేసుకోండి, అందులో ద, స, గ. రెండూ రాగంలోవే. 'సాగర సంగమం'లో ఇళయరాజా హిందోళంలో కట్టిన 'ఓం నమశ్శివాయ' ఇంత నేర్చాక మళ్లీ వింటే చెవి వేరే చోటికి పోతుంది. సినిమా కీబోర్డు వాదకుల పనితనం వేళ్ల వేగంలో కన్నా ఇలాంటి ఎంపికల్లో ఉంటుంది. ఎ.ఆర్. రెహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. మణిశర్మ కూడా కీబోర్డు మీదనుంచే దర్శకత్వానికి వచ్చినవాడు.

ఇక దీనికి చేతకాని పని. తంబూర మోగుతుండగా తెల్ల మెట్టు మీద అంతర గాంధారం పట్టుకుని వదలకుండా వినండి. రెండు ధ్వనుల మధ్య సన్నని వణుకు వినిపిస్తుంది. తంబూర తీగలోంచి సహజంగా పుట్టే గాంధారం షడ్జమానికి 386 సెంట్ల ఎత్తులో ఉంటే, పన్నెండు సమాన భాగాలుగా కోసిన కీబోర్డు గాంధారం 400 దగ్గర ఉంటుంది. అది చిన్న తేడా, ఓర్చుకోవచ్చు. గమకం లేకపోవడం పెద్ద లోటు. తోడి గాంధారం ఒక మెట్టు మీద నిలబడేది కాదు, రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగేది. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఇక్కడ ఉన్నది ఖాళీ.

ఈ నేరం మీదే హార్మోనియాన్ని ఆకాశవాణి 1940లో వెలివేసింది. టాగూరుకీ అది గిట్టేది కాదు. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ఆ ముప్పై ఏళ్లూ తెలుగు నాటక రంగం మాత్రం హార్మోనియాన్ని వదల్లేదు. సైబర్ టవర్స్ నుంచి లింగంపల్లి వైపు కొద్ది కిలోమీటర్లు పోతే శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ'తో మొదలుపెట్టిన నాటక సమాజపు కుటుంబాలవాళ్లు ఉండే చోటు అది. ఐటీ ఉద్యోగి వారాంతంలో కీబోర్డు క్లాసు కోసం వెతుక్కునే పేటకి ఇంత దగ్గర్లో, మెట్ల వాద్యంతో రాగాన్ని ఒప్పించిన సంప్రదాయం ఉందని చాలామందికి తెలియదు. మన కీబోర్డు పాఠం అక్కడినుంచి తెచ్చుకోవాలని నా అభిప్రాయం, లండన్ గ్రేడు పరీక్షల పుస్తకం తర్వాత చూసుకోవచ్చు.

పద్యనాటకంలో హార్మోనిస్టు చేసేది ఏమిటో గమనించండి. నటుడు నోరు తెరవకముందే రాగం వాసన చూపించి, ఎత్తుగడ స్వరం అందిస్తాడు. పద్యం నడుస్తుంటే గొంతు కిందే నడుస్తాడు, మీద పడడు. ఊపిరి తీసుకునే చోట చిన్న పలుకు వేసి ఖాళీ నింపుతాడు. చివర్లో నటుడు సాగదీసి రాగం తీస్తుంటే ప్రతి సంగతినీ అనుకరించబోడు. అది మెట్లకి అందేది కాదని అతనికి తెలుసు. గొంతు చేరబోయే స్వరం దగ్గర ముందే వెళ్లి నిలబడతాడు, చేరగానే బలమిస్తాడు. గమకాన్ని వినేవాళ్ల చెవి గొంతులోంచి తీసుకుంటుంది, నిలకడని వాద్యంలోంచి.

ఒంటరిగా వాయించేటప్పుడు ఆ గొంతు ఉండదు, కనుక కొన్ని ఉపాయాలు కావాలి. జంట స్వరాల్లో రెండోదానికి ముందు కింది స్వరాన్ని మెరుపులా తాకి వదిలితే స్ఫురితం ఛాయ వస్తుంది. జంటలోని రెండు స్వరాలకీ ఒకే వేలు వాడకుండా చూపుడువేలు, బొటనవేలు మార్చుకుంటే అది శుభ్రంగా పలుకుతుంది. జారులకీ ఊపులకీ ఎడమ చేతి పక్కనుండే పిచ్ బెండ్ చక్రం ఉంది. మామూలుగా అది పైకీ కిందికీ రెండేసి మెట్ల దూరం లాగుతుంది. రిషభం మెట్టు నొక్కి చక్రంతో గాంధారానికి లాగి అక్కడే ఊపొచ్చు. చెన్నై విద్వాంసుడు కె. సత్యనారాయణన్ ఈ చక్రాన్ని ఆసరా చేసుకునే కీబోర్డు మీద పూర్తి కర్ణాటక కచేరీలు చేస్తూ వచ్చారు. మనకి అంత రాకపోయినా, చక్రం లేని కీబోర్డు మాత్రం చౌకగా వస్తోందని కొనకండి.

హార్మోనియంలో ఉండి దీంట్లో లేనిది ఇంకొకటుంది, తిత్తి. పట్టుకున్న స్వరాన్ని మధ్యలో పెంచి తగ్గించే పని హార్మోనిస్టు ఎడమ చేతిది. కీబోర్డు మీద పియానో టోన్ నొక్కాక దాని ఆయుష్షు మన చేతుల్లో ఉండదు, మీటిన క్షణం నుంచీ తరుగుతూ పోతుంది. ఆర్గాన్, వయొలిన్ టోన్లు పెట్టుకుంటే స్వరం నిలుస్తుంది కానీ చదునుగా నిలుస్తుంది. దానికి మందు ఎక్స్‌ప్రెషన్ పెడల్, కాలితో తొక్కుతూ ధ్వనిని పెంచి తగ్గించేది. ఈ ధరలో వచ్చే పాత కీబోర్డుల్లో చాలావాటి వెనక సస్టెయిన్ పెడల్‌కి ఒక రంధ్రం ఉంటుంది, ఎక్స్‌ప్రెషన్‌కి రెండోది ఉండటం అరుదు. పద్యాలకి వాయించాలనే ఆశ ఉంటే డబ్బు పంపేముందు వెనక వైపు ఫొటో ఒకటి అడిగి చూసుకోండి.