రూట్ ఉన్నట్టే ఉండి లేనప్పుడు

డేటాబేస్‌లో రూట్ ఉంటుంది, రూటింగ్ టేబుల్‌లో ఉండదు. ఓఎస్‌పీఎఫ్‌తో పనిచేసేవాళ్లను ఇంతగా తికమకపెట్టేది మరొకటి లేదు. అలాంటప్పుడు నేను ముందు చూసేది టైప్ 5 ఎల్‌ఎస్‌ఏలోని ఫార్వర్డింగ్ అడ్రస్. కొత్తగా చేరినవాళ్లకూ అదే చెబుతాను.

బయటి రూట్లను ఓఎస్‌పీఎఫ్‌లోకి తెచ్చే రూటర్ ఏఎస్‌బీఆర్. ఫార్వర్డింగ్ అడ్రస్ 0.0.0.0 అయితే ట్రాఫిక్ దాని దగ్గరికే రావాలి. ఇంకేదైనా అడ్రస్ ఉంటే నేరుగా అక్కడికే పోవాలి. ఒకే ఈథర్‌నెట్ సెగ్మెంట్ మీద మన రూటర్లు రెండు, అవతలి సంస్థది ఒకటి ఉన్నాయనుకోండి. అవతలివాళ్లతో బీజీపీ నడిపేది మన మొదటి రూటర్ ఒక్కటే. ఈ అడ్రస్ లేకపోతే రెండోదానికి చేరిన ప్యాకెట్ మొదటిదాని దాకా వెళ్లి, అదే సెగ్మెంట్ మీదికి తిరిగొచ్చి అవతలికి పోవాలి. “నా దాకా రానక్కర్లేదండీ, ఆయన ఇల్లు మీ పక్కనే” అని చెప్పే పెద్దమనిషి లాంటిదీ ఫీల్డ్. ఆ సెగ్మెంట్ మీది మన మొదటి రూటర్ ఇంటర్‌ఫేస్ పాసివ్‌గానో, పాయింట్ టు పాయింట్‌గానో ఉంటే మాత్రం సిస్కో రూటర్ సున్నాలే రాస్తుంది.

దీనికో షరతుంది. 1998లో జాన్ మోయ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2328 ప్రకారం ఆ అడ్రస్‌కు దారి ఇంట్రా ఏరియా రూటో, ఇంటర్ ఏరియా రూటో అయి ఉండాలి. మరో ఎక్స్‌టర్నల్ రూట్ ద్వారా తెలిస్తే ఆ ఎల్‌ఎస్‌ఏ లెక్కలోకే రాదు. నాకు బాగా నచ్చిన నియమమిది. బయటి రూటుకు బయటి రూటే ఆధారమైతే, తిరిగి తిరిగి అది తన మీద తానే నిలబడాల్సి వస్తుంది.

చిక్కంతా ఎన్‌ఎస్‌ఎస్‌ఏ ఏరియాలో. అక్కడి ఏఎస్‌బీఆర్ టైప్ 7 పుట్టిస్తుంది. పీ బిట్ ఉన్నదానిలో ఫార్వర్డింగ్ అడ్రస్ తప్పనిసరి. సరిహద్దులోని ఏబీఆర్ దాన్ని టైప్ 5గా మార్చి, అడ్రస్‌ను మాత్రం ముట్టుకోదు. మార్చేది ఒక ఏబీఆరే అయినా, దగ్గరి దారి వేరే ఏబీఆర్ గుండా ఉంటే ట్రాఫిక్ అటే పోవచ్చు. ఎంత మంచి ఆలోచన! అయితే టేబుల్ చిన్నదిగా ఉండాలని ఎవరో ఏబీఆర్‌లో ఆ ఏరియా ప్రిఫిక్స్‌లను ఫిల్టర్ చేస్తారు. టైప్ 5 మిగతా ఏరియాలకు చేరుతుంది, దానిలోని అడ్రస్‌కు దారి చేరదు. నైబర్లన్నీ ఫుల్‌లోనే ఉంటాయి, రూట్లు మాత్రం ఉండవు.

సిస్కోలో సప్రెస్-ఎఫ్‌ఏ ఆప్షన్ పెడితే అడ్రస్ సున్నాలవుతుంది, టైప్ 7ను మార్చిన ఏబీఆర్ దగ్గరికే ట్రాఫిక్ వస్తుంది. దగ్గరి దారి లాభం పోతుంది కనుక నేను దాన్ని చివరికే ఉంచుతాను. మీ నెట్‌వర్క్‌లో ఎన్‌ఎస్‌ఎస్‌ఏ ఉంటే ఫిల్టర్ రాసేముందు ఫార్వర్డింగ్ అడ్రస్ ఉన్న ప్రిఫిక్స్‌ను బయటికి వదలండి.