ఆఖరి వారం కాళ్లకు సెలవు

గుమ్మలక్ష్మీపురం కుర్రాళ్లకు కొండ ఎక్కడం ఎవరూ నేర్పక్కర్లేదు. రోగిని డోలీలో మోసుకుని రోడ్డు దాకా దిగే గూడలు ఈ మన్యంలో ఇంకా ఉన్నాయి. అలాంటి కాళ్లున్నవాడు విశాఖ ఆర్కే బీచ్‌లో జరిగే నేవీ మారథాన్‌కు పేరిచ్చాడనుకోండి, ఆఖరి వారంలో వాడికి చెప్పాల్సింది ఒక్కటే: పరుగు తగ్గించు. వాడు నమ్మడు. ఇంకా ఏడు రోజులున్నాయి కదా, ఇంకాస్త కష్టపడదాం అంటాడు.

ఆ ఏడు రోజుల్లో కొత్తగా వచ్చే బలం దాదాపు ఏమీ లేదు. నెలల తరబడి పేరుకున్న అలసట దిగడానికి మాత్రం ఆ రోజులు కావాలి. పరుగువాళ్లు దీన్ని టేపరింగ్ అంటారు. చివరి రెండు వారాల్లో దూరాన్ని సగానికి తెస్తారు, వేగాన్ని మాత్రం పూర్తిగా వదలరు. నాలుగు రోజుల ముందు ఓ ఐదు కిలోమీటర్లు, అందులో నాలుగైదుసార్లు నిమిషం చొప్పున రేసు వేగం, ఆపైన ఇంటికి. తమాషా ఏమిటంటే, లేని నొప్పులన్నీ అప్పుడే పుడతాయి. మోకాలు చివుక్కుమంటుంది, పిక్క బిగిసినట్టుంటుంది. చాలామట్టుకు అది ఊరకే కూర్చున్న మనసు చేసే అల్లరి.

అసలు కథ తిండి దగ్గర ఉంది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం చాలామందికి 30 కిలోమీటర్లు దాటాక అడుగంటుతుంది. ఆపైన కాళ్లు మొరాయిస్తాయి. 1960ల్లో స్వీడన్ పరిశోధకులు తొడ కండరంలోంచి సూదితో చిన్న ముక్క తీసి, ఈ నిల్వను తిండితో పెంచవచ్చని తేల్చారు. 1969లో ఏథెన్స్‌లో యూరోపియన్ మారథాన్ గెలిచిన రాన్ హిల్ ఆ పద్ధతే పాటించాడు. అప్పట్లో ముందు కొన్ని రోజులు అన్నం, రొట్టె లాంటివి మానేసి, తర్వాత దండిగా తినేవారు. ముందు అలా మానేయడం అక్కర్లేదని 1980ల నాటికి తేలింది.

ఇప్పటి లెక్క: చివరి రెండు రోజులు కిలో బరువుకు రోజుకు 10 గ్రాముల పిండిపదార్థం. 60 కిలోల మనిషికి 600 గ్రాములు. అంటే ముప్పావు కిలో పైన బియ్యం! అంతా అన్నంగానే తినడం కష్టం. అందుకే ఇడ్లీ, అరటిపండు, బెల్లం, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) తేనె అంటూ రోజంతా కొంచెం కొంచెంగా తినాలి. పప్పు, వేపుడు, మాంసం తగ్గితేనే వీటికి చోటు. పాస్తా వండుకునే దేశాలవాళ్ల కంటే మూడు పూటలా అన్నం తినే మనకు ఇది తేలికే.

చోడి (రాగి) అంబలి మాటేమిటి? మా వైపు దాని మీద మాట పడనివ్వరు, నేనూ పడనివ్వను. కానీ వంద గ్రాముల చోళ్లలో 11 గ్రాముల దాకా పీచు ఉంటుంది, పాలిష్ బియ్యంలో మూడు గ్రాములు కూడా ఉండదు. రోజూ మేలు చేసే ఆ పీచే పరుగులో కడుపును కదిలిస్తుంది. చివరి రెండు రోజులు అంబలి తగ్గించి, ఉప్పేసిన గంజి తాగడం మంచిది. పుట్టినప్పటి నుంచి అంబలి మీదే బతికినవాడు ఒక గ్లాసు తాగితే కొంప మునగదు. కడుపుకు తెలియనిది పెట్టకూడదు, అంతే.

నీళ్లు కూడా అతిగా వద్దు, రక్తంలో ఉప్పు పలచబడుతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం పడిపోయింది. దాహానికి తాగితే చాలు. విశాఖ ఉక్కలో చెమట ధారగా కారుతుంది కాబట్టి ఉప్పు మరవకూడదు.

రేసు ముందు రోజు పొద్దున్నే బస్సెక్కాలి. పార్వతీపురం, విజయనగరం మీదుగా వెళ్లేసరికి నడుం పట్టేస్తుంది, సాయంత్రం ఓ అరగంట మెల్లగా నడిస్తే సర్దుకుంటుంది. కాలి గోళ్లు రెండు రోజుల ముందే కత్తిరించాలి. రేసు రోజే కత్తిరిస్తే చివర చర్మం రేగి, బూటులో రాపిడికి మండుతుంది. బూట్లు కనీసం వంద కిలోమీటర్లు తొడిగినవే కావాలి. ఒరుసుకోకుండా చంకలకు, తొడల మధ్య, చనుమొనల మీద కొబ్బరినూనె. బనీనుకు నంబరు, నాలుగు పిన్నీసులు రాత్రే పెట్టేసుకోవాలి.

ఆ రాత్రి నిద్ర పట్టదు, ఎవరికీ పట్టదు. రేసు ఆదివారమైతే లెక్కలోకొచ్చేది శుక్రవారం నిద్ర. ఆ శుక్రవారం ఊళ్లో థింసా నృత్యం ఉంటే కాసేపు చూసి రండి, అడుగు మాత్రం కలపకండి.